సెకండ్ హ్యాండ్ స్టీల్ సైలెన్సర్, 2018 స్విఫ్ట్: మూడు ముక్కల్లో ఒక్కటే ఎందుకు బిగించాం

బండి 2018 మోడల్ స్విఫ్ట్, 1.2 పెట్రోల్, బీఎస్-4, ఏపీ 03 నంబరు. ఆర్‌సీ తండ్రి పేరు మీద ఉంది. ఆయన రిటైరైన టీచరు, తిరుపతిలోనే ఉంటారు, తరచూ కొండకు పోతుంటారు. కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం. సెలవులకు వచ్చినప్పుడు బండి అతని చేతిలోనే. అక్కడ ఎవరో తమ పాత స్విఫ్ట్ అమ్మేస్తూ విప్పి పెట్టిన స్టెయిన్‌లెస్ స్టీల్ సైలెన్సర్ సెట్టును పన్నెండు వేలకు కొని, డిక్కీలో వేసుకుని కరకంబాడి రోడ్డులోని మా షెడ్డుకు తెచ్చాడు.

అతను అడిగింది రెండే. "అన్నా, సౌండ్ రావాల. నాయన కొండకు పొయ్యేటప్పుడు మాత్రం అలిపిరి దగ్గర ఎవురూ ఆపకూడదు."

రెండూ చాలావరకు కుదిరాయి. అందుకోసం అతను కొన్న సామానులో ఎక్కువ భాగం పక్కన పడేయాల్సి వచ్చింది. ఎందుకు పడేశామో, మిగిలిన ముక్కను ఎట్లా పనికొచ్చేలా చేశామో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి సెకండ్ హ్యాండ్ సెట్లు ఇప్పుడు మా ఊరికి బాగా వస్తున్నాయి.

చట్టం సంగతి

సైలెన్సర్ మారిస్తే ఆర్టీవో పర్మిషన్ కావాలా అని దాదాపు ప్రతి కస్టమరూ అడుగుతాడు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో ఉండేవి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ, రంగు, సీట్లు, ఇంధనం వంటివి. వెనక సైలెన్సర్ డబ్బా ఎవరు చేసిందో అందులో ఉండదు. సీఎన్‌జీ కిట్టు వేసినా, రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించాలి. డబ్బాకు ఆ పని లేదు. నాకు తెలిసిన ఒక బ్రేక్ ఇన్‌స్పెక్టరును అడిగితే ఆయన ఒక్క ముక్కలో చెప్పారు: "దాన్ని ఎక్కించేదానికి నా దగ్గర కాలమ్ లేదు. రోడ్డు మీద సౌండో పొగో ఎక్కువైతే రాసేదానికి సెక్షన్ ఉంది."

ఆయన అన్నది సెక్షన్ 190(2). శబ్దం, వాయు కాలుష్యం ప్రమాణాలు దాటిన బండిని రోడ్డు మీద నడిపితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా పది వేల వరకు జరిమానా లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుపై అనర్హత. నడిపినవాడికే కాదు, నడపనిచ్చినవాడికీ ఇది వర్తిస్తుంది. అంటే కొడుకు రాత్రి పూట బండిని గట్టిగా అరిపిస్తే ఆర్‌సీలో పేరున్న తండ్రి కూడా చిక్కుల్లో పడవచ్చు. దీనికి తోడు 2019 సవరణతో 182ఏ(4) వచ్చింది. అనుమతి లేని విధంగా బండిలో మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేలు జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ. కొడుకు ముందు ఇదంతా చెప్పినప్పుడు అతను ఫోన్ చూసుకుంటున్నాడు. తండ్రి పేరు వచ్చేసరికి తలెత్తాడు.

కాబట్టి మన ప్రశ్న పర్మిషన్ కాగితం గురించి కాదు. బిగించిన తర్వాత బండి కేంద్ర మోటారు వాహనాల నియమాల లోపల ఉందా లేదా అన్నదే చూడాలి. షెడ్డులో నాకు పనికొచ్చే నియమాలు నాలుగు. పొగ కిందికి గానీ ఎడమకు గానీ కొట్టకూడదు, వెనక్కి లేదా కుడికి పోవాలి, ఇది 112. పెట్రోల్ పైపుకు 35 మిల్లీమీటర్ల లోపు సైలెన్సర్ పైపు ఉండకూడదు, ఇది 113. పొల్యూషన్ లెక్కలు 115లో ఉంటాయి. శబ్దాన్ని వీలైనంత తగ్గించే సైలెన్సర్ తప్పనిసరి అని 120 చెబుతుంది.

అతను తెచ్చిన సెట్టులో వెనక డబ్బా మీద ఒక వృత్తంలో ఇంగ్లిష్ 'ఈ' (E) అక్షరం, పక్కన అంకె గుద్ది ఉన్నాయి. అమ్మినవాడు "ఇది యూరప్ అప్రూవల్, ఇండియాలో లీగల్" అని చెప్పాడట. ఆ గుర్తు ఐక్యరాజ్యసమితి 1958 ఒప్పందం కింద ఇచ్చేది. ఆ ఒప్పందంలో భారత్ సభ్యదేశం కాదు. మన దగ్గర పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చేది పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్, చెన్నై పక్కన ఒరగడంలోని జీఏఆర్‌సీ వంటి సంస్థలు. గుర్తు నిజమైనదైతే ఆ డబ్బా ఒకప్పుడు ఏదో ఒక బండి మీద పరీక్షకు నిలిచిందని అర్థం. ఈ బండి మీద, ఇన్నేళ్లు వాడిన తర్వాత నిలుస్తుందని కాదు. చెకింగ్‌లో ఆ గుర్తు చూపించి బయటపడొచ్చని నమ్మడం వృథా.

మూడు ముక్కలు

సెట్టును నేల మీద పరిచి చూశాం. ఒకటి ముందు పైపు. దాన్ని బిగించాలంటే ఇంజిన్‌కు ఆనుకుని ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీసేయాలి. దీన్నే డీక్యాట్ అంటారు. రెండోది మధ్య పైపు. కంపెనీ పైపులో రెసొనేటర్ అనే శబ్దం తగ్గించే చిన్న డబ్బా ఉంటుంది, అది దీంట్లో లేదు, ఉత్త గొట్టం. మూడోది వెనక డబ్బా.

మొదటి దానిపై చర్చ అక్కర్లేదు. కన్వర్టర్ లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉన్న తేనెపట్టు లాంటి దిమ్మె ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్ ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్‌లను మార్చేది అదే. దాన్ని తీస్తే 115 పోయినట్టే. కన్వర్టర్ వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సర్ కూడా ఊరుకోదు; పీ0420 కోడ్ వేసి డాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. సెన్సర్‌ను మోసం చేసే స్పేసర్లు అమ్ముతారు. అవి మా షెడ్డులో దొరకవు.

మధ్య పైపుపై అతను బేరమాడాడు. "దాంట్లో క్యాట్ ఏం లేదు కదన్నా, ఉట్టి పైపే." నిజమే, పొల్యూషన్‌కు సంబంధం లేదు. కానీ రెసొనేటర్ పనే శబ్దాన్ని చంపడం. అది తీసి, వెనక పెద్ద చిల్లు డబ్బా పెట్టి, మళ్లీ 120 నియమం లోపల ఉన్నామని చెప్పడం ఎవరి తరమూ కాదు. దాన్నీ పక్కన పెట్టాం. మిగిలింది డబ్బా ఒక్కటే.

అది కూడా నేరుగా కూర్చోలేదు. అమ్మినవాడు "స్విఫ్ట్‌దే" అన్నాడు, అబద్ధం కాదు. కానీ అది పాత తరం స్విఫ్ట్‌కు చేసింది. 2018లో వచ్చిన మోడల్‌కు ప్లాట్‌ఫారమే మారింది. వేలాడదీసే కడ్డీలు ఒకచోట, బండి కింద రబ్బర్లు ఇంకోచోట. సెకండ్ హ్యాండ్ సెట్టు కొనేవాళ్లు మోడల్ పేరు కాకుండా తయారైన ఏడాది అడగాలి.

స్టీలు మంచిదా కాదా అని అయస్కాంతం పెట్టి చూశాడు అతని ఫ్రెండ్. అంటుకోలేదు కాబట్టి 304 రకం కావచ్చు. అంటుకుంటే నకిలీ అనుకోవడం మాత్రం తప్పు. కంపెనీలు ఎక్కువగా వాడే 409 రకం కూడా స్టెయిన్‌లెస్సే, దానికి అయస్కాంతం శుభ్రంగా అంటుకుంటుంది.

డబ్బా లోపల

ఈ కేసులో అసలు పని ఇక్కడే ఉంది.

కంపెనీ డబ్బా లోపల సాధారణంగా గదులు, అడ్డ రేకులు ఉంటాయి. బయట దొరికే స్పోర్ట్స్ డబ్బాల్లో ఎక్కువ భాగం వేరు: మధ్యలో నిటారుగా చిల్లుల పైపు, దాని చుట్టూ గ్లాస్ వూల్ అనే గాజు నార, పైన తొడుగు. శబ్దం చిల్లుల్లోంచి వూల్‌లోకి పోయి అరుగుతుంది. కొత్తలో బాగానే పనిచేస్తుంది. వేడికి, ఒత్తిడికి ఆ వూల్ ఏళ్ల తరబడి పొడిపొడిగా రాలి పొగతో పాటు బయటికి పోతుంది. అప్పుడు డబ్బా పైకి తళతళలాడుతూనే ఉంటుంది, లోపల డొల్ల. అంటే కొత్తలో నియమాల లోపల ఉన్న సామానే పాతబడ్డాక నియమం దాటిపోతుంది. సెకండ్ హ్యాండ్ సైలెన్సర్‌తో వచ్చే తంటా ఇదే. ఫొటోలో కనిపించదు.

ఈ డబ్బాను ఊపితే లోపల గరగర. మూతిలో వేలు పెడితే నల్లటి పొడి, మెరిసే సన్నటి నూగు. గ్లాస్ వూల్ చర్మానికి దురద, ఊపిరితిత్తులకు చెడు. చేతి తొడుగులు, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు.

విప్పకముందు ఒక లెక్క కోసం కొలిచాను. కొత్త ప్యాసింజర్ కారుకు కంపెనీ దాటకూడని పరిమితి 74 డెసిబెల్స్. కానీ అది టెస్ట్ ట్రాక్‌లో, బండి పూర్తి యాక్సిలరేటర్‌తో దూసుకుపోతుంటే 7.5 మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలిచేది. షెడ్డు ముందు ఆ పరీక్ష చేయలేం. మేం చేసేది నిలబెట్టి పోల్చడం: సైలెన్సర్ మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో శబ్దం కొలిచే మీటరు పెట్టి, ఇంజిన్ గరిష్ఠ పవర్ ఇచ్చే వేగంలో మూడొంతుల దగ్గర పట్టి ఉంచడం. ఈ ఇంజిన్‌కు అది 4500 ఆర్‌పీఎం. కంపెనీ డబ్బాకు 86 వచ్చింది. కొన్న డబ్బాను అట్లాగే క్లాంపుతో తాత్కాలికంగా తగిలిస్తే 96. ఈ రెంటినీ 74తో పోల్చకూడదు, దూరాలు వేరు. ఒకదానితో ఒకటి పోల్చుకోవాలి. పది డెసిబెల్స్ తేడా అంటే మన చెవికి దాదాపు రెట్టింపు శబ్దం. ఫోన్ యాప్‌తో కొలిచిన అంకెలు తెచ్చి వాదించేవాళ్లున్నారు. ఫోన్ మైకు పెద్ద శబ్దాన్ని తనంతట తానే తగ్గించుకుంటుంది, నమ్మలేం.

కస్టమర్‌కు కావాల్సిన సౌండ్ ఏమిటో ఇక్కడ కాస్త ఆలోచించాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ఒక్కసారి తిరిగితే రెండు పేలుళ్లు. 2400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 80, 3000 దగ్గర 100. అందరూ బేస్ అని మురిసిపోయేది ఈ 80, 100 హెర్ట్జ్ ప్రాంతంలోనిదే. చట్టంలో వాడే కొలత, మీటరు కొలిచే డీబీ-ఏ, మనిషి చెవిని అనుసరించి చేసింది. 100 హెర్ట్జ్ శబ్దాన్ని సుమారు 19 డెసిబెల్స్ తగ్గించి లెక్కిస్తుంది. వెయ్యి నుంచి మూడు వేల హెర్ట్జ్ దాకా ఉండే గరుకు కూతను మాత్రం పూర్తిగా లెక్కేస్తుంది. వీధిలో జనం తిట్టుకునేదీ ఆ గరుకు కూతనే. గ్లాస్ వూల్ బాగా మింగేది కూడా దాన్నే. అంటే వూల్ పోయిన డబ్బాలో కస్టమర్‌కు అక్కర్లేని శబ్దమే పెరిగింది, అతను కోరుకున్న బేస్ అట్లాగే ఉంది. వూల్ సరిచేస్తే చట్టానికీ, అతనికీ ఇద్దరికీ లాభమే. ఇది చెప్పాక మధ్య పైపు గురించి మళ్లీ అడగలేదు.

రివెట్లు తీసి డబ్బా విప్పాం. సగానికి పైగా ఖాళీ. చిల్లుల పైపు బాగుంది, ఎక్కడా పగుళ్లు లేవు. పైపు చుట్టూ ముందు స్టీల్ వూల్ ఒక వరస, దాని మీద వేడి తట్టుకునే గ్లాస్ వూల్ చాప, వదులుగా కాకుండా, మరీ కూరినట్టూ కాకుండా చుట్టి మూసేశాం. స్టీల్ వూల్ ఎందుకంటే పొగ వేగం నేరుగా గ్లాస్ వూల్‌ను తాకకుండా కాపాడుతుంది. మళ్లీ కొలిస్తే 90. మూతిలోపల సన్నటి చిల్లుల గొట్టం ఒకటి చేసి పెట్టాక 87. నా మీటరుకే ఒక డెసిబెల్ అటూ ఇటూ తేడా ఉంటుంది కాబట్టి అక్కడ ఆగాం. ఆ లోపలి గొట్టాన్ని బోల్టుతో బిగిస్తే శుక్రవారం రాత్రి తీసేసి ఆదివారం పెట్టుకుంటారు. అందుకే వెల్డింగ్ చేసేశాను. అతని ముఖం కొంచెం వాడింది.

బిగింపు

కడ్డీలు కోసి కొత్త చోట టిగ్ వెల్డింగ్ చేశాం. 304 స్టీలును కంపెనీ పైపు చివర ఉండే 409 ఫ్లాంజ్‌కు (బోల్టులతో కలిపే పళ్లేనికి) అతికేటప్పుడు 309 రకం రాడ్డు వాడాలి, పైపు లోపలి నుంచి కూడా ఆర్గాన్ పోనివ్వాలి. లేకపోతే వెల్డింగ్ లోపలి వైపు గరుకుగా కాలిపోయి అక్కడే పగులుతుంది.

బండిని లిఫ్టుపై ఎత్తినప్పుడు వెనక యాక్సిల్ కిందికి వేలాడుతుంది. అప్పుడు కనిపించే ఖాళీ నిజం కాదు. చక్రాలు నేలమీద ఉన్నట్టు యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టి, డిక్కీలో బరువు వేసి మళ్లీ కొలిచాం. పెట్రోల్ పైపుకు 60 మిల్లీమీటర్లు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌కు అంతకంటే కాస్త తక్కువ. ఇంకోటి: స్టీలు వేడికి సాగుతుంది. 304 స్టీలు మీటరున్నర పొడవు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు బంపరుకు ఆనీ ఆననట్టు బిగించినది ఘాట్ ఎక్కేసరికి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. బంపర్ కోత చుట్టూ వేలు పట్టేంత సందు వదిలి, మూతిని నేరుగా వెనక్కి తిప్పాం.

తర్వాత లీకు పరీక్ష. ఐడిల్‌లో మూతికి తడి గుడ్డ అడ్డం పెట్టి జాయింట్ల దగ్గర సోప్ నీళ్లు. ఫ్లాంజ్ దగ్గర బుడగలు వచ్చాయి, కొత్త ప్యాకింగ్ వేశాం. చిన్న లీకే కదా అని వదిలేస్తే బయటి గాలి లోపలికి లాక్కుని పొల్యూషన్ మెషీన్‌లో లాంబ్డా, అంటే గాలి, పెట్రోల్ కలిసే పాళ్ల లెక్క, తప్పుతుంది. బీఎస్-4 పెట్రోల్ కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. 2500 ఆర్‌పీఎం దగ్గర మోనాక్సైడ్ 0.2 శాతం, లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. పాత పొల్యూషన్ సర్టిఫికెట్‌కు ఇంకా గడువు ఉన్నా కొత్తగా చేయించాం. డబ్బా మారిన తేదీ తర్వాతి సర్టిఫికెట్ చేతిలో ఉంటే మాట్లాడటం తేలిక. అన్నీ లోపలే వచ్చాయి, క్యాట్ ముట్టలేదు కాబట్టి ఆశ్చర్యం లేదు.

రోడ్డు టెస్టుకు తిరుమల ఘాట్ ఎక్కలేదు. చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ వరకు పోయి వచ్చాం. తండ్రిని ముందు సీట్లో కూర్చోబెట్టాను, ఎందుకంటే రేపు ఎక్కువగా కూర్చోబోయేది ఆయనే. బయట అంతా బాగుంది. మూడో గేరులో ఎక్కుతుంటే ఆయన, "ఏమప్పా, చెవుల్లో ఏదో అదుముతున్నట్టు ఉందే" అన్నారు. అదే 80 హెర్ట్జ్. మీటరు పెద్దగా లెక్కచేయని బేసు క్యాబిన్ లోపల మనిషి తలను పట్టేస్తుంది. పైపుకు పక్కగా మూసిన కొమ్మ పెట్టి ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని చంపే పద్ధతి ఉంది. ఆ వేడిలో శబ్దం సెకనుకు 480 మీటర్ల దాకా పోతుంది కాబట్టి కొమ్మ మీటరున్నర ఉండాలి. స్విఫ్ట్ కింద అంత చోటెక్కడిది? గట్టి రబ్బర్లు తీసి మెత్తటివి వేశాం, ఒక కడ్డీని బాడీకి దూరంగా జరిపాం. అదుముడు చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. కొడుక్కి అదే నచ్చింది. తండ్రి ఘాట్‌లో రెండో గేరు వాడతానన్నారు, ఆ ఇంజిన్ వేగం దగ్గర అసలు తెలియడం లేదు.

పవర్ గురించి అడిగేవాళ్లకు ఒక మాట. టర్బో లేని 1.2 ఇంజిన్‌లో వెనక డబ్బా ఒక్కటి మారిస్తే పికప్ పెరిగిందని ఎవరైనా అంటే అది చెవి చెప్పే మాట.

కాగితాలు, ఖర్చు

అమ్మినవాడి దగ్గర బిల్లు లేదు. తెల్లకాగితం మీద అమ్మకం రాయించి, డబ్బా ఫొటోతో వాట్సాప్‌లో తెప్పించాం. దొంగ సామాను తలనొప్పి మాకొద్దు. నా బిల్లులో "వెనక సైలెన్సర్ మార్పు, కన్వర్టర్, సెన్సర్లు, మధ్య పైపు కంపెనీవే" అని రాసి, కొలిచిన అంకెలు కింద వేశాను. ఇన్సూరెన్స్ కంపెనీకి తండ్రి పేరుతో ఈమెయిల్ పెట్టించాను. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున అడ్డం తిరిగే అవకాశం ఉంది, చెప్పడానికి పైసా ఖర్చు లేదు. కంపెనీ డబ్బాను గ్రీజు పూసి వాళ్లింటి అటకెక్కించారు. బండి అమ్మేటప్పుడు, లేదా పదిహేనేళ్లకు ఆర్‌సీ రెన్యువల్‌కు చూపించేటప్పుడు దాన్నే వేయమని చెప్పాను.

అలిపిరి రోడ్డు రుయా, స్విమ్స్ ఆసుపత్రుల ముందు నుంచే పోతుంది. ఆసుపత్రుల చుట్టూ కనీసం 100 మీటర్లను సైలెన్స్ జోన్‌గా ప్రకటించే వీలు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. 87 ఉన్న బండి అయినా అక్కడ గేరు తగ్గించి రేసు ఇస్తే పట్టుకోవచ్చు. పరికరం నియమాల లోపల ఉన్నంత మాత్రాన నడపడం కూడా లోపల ఉన్నట్టు కాదని కుర్రాడికి బిల్లు ఇస్తూ చెప్పాను. విన్నాడో లేదో తెలియదు, తండ్రి మాత్రం విన్నారు.

సెట్టుకు పన్నెండు వేలు. వూల్, వెల్డింగ్, రబ్బర్లు, ప్యాకింగ్, కూలి కలిపి మా బిల్లు ఏడు వేల పైచిలుకు. ఆ డబ్బుకు కొత్త కంపెనీ డబ్బా వచ్చుండేదని తండ్రి లెక్క వేశారు, నేను కాదనలేదు. డీక్యాట్ పైపును ఇంకొకరికి అమ్ముతానని కొడుకు అన్నాడు. ఇంకో బండి కిందకు పోయే సామానును నా షెడ్డు నుంచి పంపనన్నాను. స్టీలు రేటు చూసుకుని పాత ఇనుప కొట్టులో కాటాకు వేశాడు. మధ్య పైపు ఇంకా మా గోడకు ఆనించే ఉంది. వచ్చే ఏడాది పొల్యూషన్ సర్టిఫికెట్‌కు వచ్చినప్పుడు డబ్బా మళ్లీ కొలుస్తాం. 89 దాటితే వూల్ మార్చాలని బిల్లు వెనక రాసి సంతకం పెట్టించుకున్నాను.